సొంతంగా కనిపెట్టిన పనిముట్టుకు పేటెంట్ ఖర్చు గిట్టుబాటవుతుందా?

ప్రశ్న ఇది. ఖాళీ వేళల్లో పనిముట్లు చేసుకునే ఒకాయన, గుండ్రటి పైపుకు సరిగ్గా నడిమధ్యన రంధ్రం వేయడానికి ఒక బిగింపు తయారుచేశారు. వి ఆకారపు గాడి, దానికి రెండు పక్కలా క్యామ్ మీటలు (తిప్పితే ఒక పక్క ఉబ్బుగా ఉన్న అంచు పైపును నొక్కి పట్టేవి), ఆ రెండూ ఒక్కసారే కదిలేలా మధ్యలో పళ్ల చక్రాల జత. చూసినవాళ్లంతా 'దీనికి పేటెంట్ తీసుకో' అంటున్నారట. అంత ఖర్చు పెడితే తిరిగి వస్తుందా అని ఆయన అడుగుతున్నారు.

చాలా సందర్భాల్లో రాదు. అయినా 'వద్దు' అని ఇవాళే తేల్చేయకండి. బయటపెట్టాక కావాలన్నా పేటెంట్ దొరకని పరిస్థితి రావచ్చు. గుట్టుగా ఉంచడం, వెతకడం, తక్కువ ఖర్చుతో ఒక ఏడాది గడువు సంపాదించడం, ఆ ఏడాదిలో కొనేవాళ్లున్నారో లేదో తేల్చుకోవడం, పెద్ద ఖర్చు మాట ఆ తర్వాత. ఈ వరస తప్పినవాళ్లే ఎక్కువగా నష్టపోతారు.

ముందు ఒక అపోహ పోవాలి. పేటెంట్ వస్తే ఆ వస్తువు తయారుచేసే హక్కు వచ్చినట్టు అనుకుంటారు. వచ్చేది ఇతరులను ఆపే హక్కు మాత్రమే. మీ బిగింపులోని క్యామ్ అమరిక మీద ఇంకొకరికి చెల్లుబాటులో ఉన్న పేటెంట్ ఉంటే, మీ చేతిలో పేటెంట్ ఉన్నా వాళ్ల అనుమతి లేకుండా మీరు అమ్మలేరు. ఇక ఆపడం కూడా దానంతటది జరగదు. పేటెంట్ ఆఫీసు సర్టిఫికెట్ ఇస్తుంది, కాపలా కాయదు. కాపీ కొట్టినవాడిని గుర్తించాల్సింది మీరే, నోటీసు పంపాల్సింది మీరే, దావా వేయాల్సిందీ మీరే. కారు అద్దాల వైపర్ ఆగి ఆగి తిరిగే పద్ధతిని కనిపెట్టిన రాబర్ట్ కెర్న్స్ 1960లలోనే పేటెంట్లకు దరఖాస్తు చేశారు. ఫోర్డ్ మీద 1978లో దావా వేస్తే అది తెమిలింది 1990లో, కోటి డాలర్ల పైచిలుకు పరిహారంతో. గెలిచిన కేసే, పట్టింది 12 ఏళ్లు. అంతకాలం నిలబడే ఓపిక, డబ్బు మీకున్నాయా అన్నది ఖర్చు లెక్కలో భాగమే.

రెండో వైపు కూడా చెప్పాలి. లోటస్ కార్ల డిజైనర్ రాన్ హిక్‌మన్ ఇంట్లో అల్మరా చేసుకుంటూ, ఆసరాగా వాడిన కుర్చీని రంపంతో కోసేశారు. అందులోంచే మడత పని బల్ల ఆలోచన పుట్టింది. కంపెనీలు వద్దన్నాయి. ఆయనే తయారుచేసి పోస్టులో అమ్మి చూపించాక, 1970ల మొదట్లో బ్లాక్ అండ్ డెకర్ లైసెన్స్ తీసుకుంది. వర్క్‌మేట్ పేరుతో అవి కోట్లలో అమ్ముడయ్యాయి. తర్వాత కాపీలు వచ్చినప్పుడు ఆయన పేటెంట్లు కోర్టులో పనికొచ్చాయి. ఇక్కడ జరిగిన క్రమం చూడండి. జనం కొంటారని తేలింది, పెద్ద తయారీదారు దిగాడు, కాపీ కొట్టడం లాభసాటి అయింది. ఈ మూడూ ఉన్నచోట పేటెంట్ విలువ పెరుగుతుంది. ఏ ఒక్కటి లేకపోయినా చాలావరకు గోడకు తగిలించుకునే సర్టిఫికెట్టే.

ఖర్చు ఎక్కడెక్కడ పుడుతుందో చూద్దాం. ఆఫీసుకు కట్టే రుసుములు చూసి భయపడేవాళ్లు ఎక్కువ గానీ, ఒంటరి దరఖాస్తుదారుకు అవి అంత భారం కావు. అమెరికాలో సూక్ష్మ సంస్థ అర్హత ఉన్న వ్యక్తికి ముఖ్యమైన రుసుముల్లో 80 శాతం తగ్గింపు ఉంది. భారత్‌లో కూడా వ్యక్తి కట్టే దరఖాస్తు రుసుము పెద్ద కంపెనీ కట్టేదానిలో ఐదో వంతు. అసలు బరువు మూడు చోట్ల ఉంటుంది. దరఖాస్తు రాసే ఏజెంటు ఫీజు మొదటిది. దరఖాస్తును పరీక్షించే ఆఫీసు అధికారి, అంటే ఎగ్జామినర్, అభ్యంతరాలు లేవనెత్తినప్పుడల్లా ఇచ్చే జవాబుల ఫీజు రెండోది. మొదటి రిపోర్టులో అభ్యంతరం లేకుండా బయటపడే దరఖాస్తు అరుదు కాబట్టి కనీసం ఒకటి రెండు విడతల జవాబులకు డబ్బు ముందే పక్కన పెట్టుకోవాలి. కొటేషన్ అడిగేటప్పుడు 'దరఖాస్తు వేయడానికి ఎంత' అని కాదు, 'మంజూరయ్యేదాకా, రెండు జవాబులతో కలిపి ఎంత' అని అడగండి. మూడోది విదేశాలు, దాని సంగతి కింద చెబుతాను.

మంజూరయ్యాక కూడా పేటెంట్‌ను బతికించడానికి రుసుము కడుతూనే ఉండాలి. అమెరికాలో మంజూరైన నాటి నుంచి మూడున్నర, ఏడున్నర, పదకొండున్నర ఏళ్లకు. భారత్‌లో, ఐరోపాలో దరఖాస్తు తేదీ నుంచి లెక్కించి మూడో ఏడాది మొదలు ఏటా. ఏళ్లు గడిచేకొద్దీ ఇది పెరుగుతుంది. గడువు మరచిపోతే, ఆలస్యపు రుసుముతో కట్టే అదనపు గడువు కూడా దాటితే, హక్కు పోతుంది.

ఇప్పుడు గిట్టుబాటు లెక్క. చాలామంది ఇక్కడే పొరబడతారు. పేటెంట్ మొత్తం ఖర్చు 1500 బిగింపుల మీద వచ్చే లాభంతో సమానం అనుకోండి. ఏడాదికి 200 అమ్మగలిగితే ఏడున్నర ఏళ్లలో తిరిగొస్తుందని లెక్క వేస్తారు. ఆ 200 పేటెంట్ లేకపోయినా అమ్ముడయ్యేవే కదా! పేటెంట్ సంపాదించి పెట్టేది, పోటీదారు రాకపోవడం వల్ల అదనంగా అమ్ముడయ్యేదాన్ని మాత్రమే. పేటెంట్ ఉంటే 260, లేకపోతే 200 అనుకుంటే దాని ఖాతాలో పడేవి 60. ఆ లెక్కన ఖర్చు తీరడానికి 25 ఏళ్లు కావాలి. పేటెంట్ కాలపరిమితి దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లే. అదే డబ్బు బిగింపులు పోత పోసే మంచి అచ్చుకూ, మొదటి విడత సరుకుకూ పెడితే అమ్మకం ఎంత పెరుగుతుందో పక్కనే రాసి పోల్చండి. చిన్న స్థాయిలో దాదాపు ఎప్పుడూ అచ్చే గెలుస్తుంది. ఏడాదికి 200 అమ్ముడయ్యే వస్తువును కాపీ కొట్టడానికి అచ్చు పోయించుకునేవాడు కూడా అరుదు.

లెక్క తిరగబడే సందర్భం ఒకటుంది. అమ్మేది మీరు కాకుండా, ఇప్పటికే పనిముట్లు అమ్ముతున్న కంపెనీకి లైసెన్స్ ఇస్తే అమ్మకాలు వందల నుంచి లక్షల్లోకి పోవచ్చు. అప్పుడు కంపెనీ కొనేది మీ క్లెయిమ్‌లనే. కాబట్టి క్లెయిమ్ ఎంత గట్టిది అన్నదే మిగతా ప్రశ్నలన్నిటికంటే పెద్దది.

క్లెయిమ్ అంటే దరఖాస్తు చివర, మీ హక్కు సరిహద్దును చెప్పే వాక్యం. అందులో రాసిన అంగాలన్నీ ఎదుటివాడి వస్తువులో ఉంటేనే అతను మీ సరిహద్దులోకి వచ్చినట్టు. మీ క్లెయిమ్‌లో 'వి గాడి, రెండు క్యామ్ మీటలు, వాటిని కలిపే పళ్ల చక్రాల జత' అని ఉంటే, పోటీదారు పళ్ల చక్రాలు తీసేసి ఒక లింకు పట్టీ పెడతాడు. పని అదే, కానీ అతన్ని పట్టుకోవడం చాలా కష్టమవుతుంది. 'రెండు మీటలను ఏకకాలంలో సమాన దూరం కదిలించే అనుసంధానం' అని విశాలంగా రాస్తే లింకు పట్టీ కూడా లోపలికొస్తుంది. అయితే అంత విశాలమైన మాటకు పాత వస్తువులు అడ్డొచ్చే అవకాశం కూడా అంతే పెరుగుతుంది. అందుకే విశాలమైన క్లెయిమ్ ఒకటి పైన పెట్టి, దాని కింద ఒక్కో వివరం చేర్చుకుంటూ ఇరుకు క్లెయిమ్‌లు పేరుస్తారు. పైది కూలినా కిందిది నిలబడుతుంది. ఎగ్జామినర్‌ను ఒప్పించడానికి మధ్యలో చేర్చిన మాటలు తర్వాత కోర్టులో మీకే అడ్డం తిరగవచ్చు. ఎలాగోలా మంజూరైతే చాలని ప్రతి అభ్యంతరానికీ ఒక అంగం చేర్చుకుంటూ పోతే, చివరికి ఎవరూ అడుగుపెట్టక్కర్లేని సన్నటి ముక్క మిగులుతుంది. తక్కువ ధరకు 'గ్యారంటీగా పేటెంట్ ఇప్పిస్తాం' అనేవాళ్లు ఇప్పించేది సాధారణంగా ఇలాంటిదే.

క్లెయిమ్ ఎంత విశాలంగా నిలుస్తుందో తెలియాలంటే ముందు మీరే వెతకాలి. పైసా ఖర్చు లేదు, రెండు వారాంతాలు చాలు. ఎస్పాసెనెట్, గూగుల్ పేటెంట్స్, పేటెంట్‌స్కోప్ అనే పేటెంట్లు వెతికే వెబ్‌సైట్లు అందరికీ అందుబాటులో ఉన్నవే. మాటలతో మొదలుపెట్టండి, కానీ మాటల దగ్గరే ఆగిపోకండి. మీరు 'బిగింపు' అన్నదాన్ని ఇంకొకరు 'పట్టుకునే సాధనం' అని రాసి ఉంటారు. దగ్గరగా ఉన్న పేటెంట్ ఒకటి దొరకగానే దాని మీద ఉన్న వర్గీకరణ సంకేతాలు చూడండి. మీ వస్తువుకైతే బి25బి 5/08, అంటే క్యామ్‌తో దవడలు కదిలే బిగింపులు. బి25బి 5/14, ప్రత్యేక ఆకారం ఉన్న వస్తువుల బిగింపులు. బి23బి 47/28, డ్రిల్ జిగ్‌లు, అంటే రంధ్రం సరైన చోట పడేలా డ్రిల్‌ను నడిపించే అమరికలు. ఈ అరల్లో బొమ్మలు చూసుకుంటూ పోండి. యంత్రాల విషయంలో చదవడం కంటే బొమ్మలు తిరగేయడమే త్వరగా తెములుతుంది. తర్వాత దగ్గరి పేటెంట్ ఉదహరించిన పాతవాటినీ, దాన్ని ఉదహరించిన కొత్తవాటినీ తెరవండి. అసలు సరుకు తరచుగా ఆ గొలుసులోనే దొరుకుతుంది. పాత కేటలాగులు, వీడియోలు, పత్రికల్లో వచ్చిన చిట్కాలు కూడా లెక్కలోకొస్తాయి. పేటెంట్ కాకపోయినా, దేశం ఏదైనా, ముందే బయటపడిన ప్రతిదీ మీ కొత్తదనాన్ని చెరిపేస్తుంది. ఒక్క లోటు మాత్రం తప్పదు. దరఖాస్తులు సాధారణంగా 18 నెలల దాకా ప్రచురణ కావు, కాబట్టి ఇటీవల వేసినవి మీకు కనిపించవు.

దొరికినవాటిని పట్టికలా రాసుకోండి. నిలువు వరసల్లో మీ అంగాలు, అడ్డు వరసల్లో దొరికిన పత్రాలు. అన్ని అంగాలూ ఒకే పత్రంలో కనిపిస్తే కొత్తదనం లేదు, ఇక్కడితో ఆపేయండి. ఒక పత్రంలో వి గాడి, క్యామ్‌లు ఉండి, ఇంకో పత్రంలో వైస్ దవడలను పళ్ల చక్రాలతో కలిపి ఉంటే, 'ఈ పని తెలిసినవాడికి రెండూ కలపడం తడుతుంది' అని ఎగ్జామినర్ అంటాడు. ఇంటి ఆవిష్కరణలు ఎక్కువగా ఓడిపోయేది ఈ మెట్టు మీదే. దాటాలంటే ఆ కలయికలో ఊహించని ఫలితం ఏదైనా ఉండాలి. పైపు వ్యాసం మారినా మీటల ఒత్తిడి మారకుండా చేసే అసమ కేంద్ర అమరిక (క్యామ్ ఇరుసు మధ్యలో కాకుండా పక్కకు ఉండేది) ఉందనుకోండి, అది ఆవిష్కరణ గుండెకాయ. అలాంటిది లేకపోతే పేటెంట్ మాట మరచి అమ్మకం మీద దృష్టి పెట్టడమే మేలు. కాలం తీరిన పేటెంట్లు దొరికితే బాధపడకండి. వాటిలో ఉన్నది ఎవరైనా వాడుకోవచ్చు. కరిగిన ప్లాస్టిక్‌ను పొరలుగా పేర్చే త్రీడీ ముద్రణ మీద స్కాట్ క్రంప్ 1989లో దరఖాస్తు చేసిన పేటెంట్ 2009లో తీరిపోయాకే ఇళ్లలోకి చవక ప్రింటర్లు వెల్లువెత్తాయి.

వెతకడం పూర్తయ్యేదాకా ఎక్కడా చూపించకండి. ఇది దేశాన్ని బట్టి మారే విషయం కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. అమెరికాలో, జపాన్‌లో ఆవిష్కర్త తానే బయటపెట్టినా ఏడాదిలోపు దరఖాస్తు చేసుకునే వెసులుబాటుంది. ఐరోపాలో ఆచరణలో ఆ వెసులుబాటు లేదనే అనుకోవాలి. భారత్‌లో ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శన, విద్వత్సభలో చదివిన పత్రం వంటి కొద్ది సందర్భాలకే మినహాయింపు. పని చేసే విధానం తెలిసేలా ఒక వీడియో పెట్టారంటే చాలా దేశాల్లో తలుపు అప్పుడే మూసుకుపోతుంది. అమ్మకం కూడా బయటపెట్టడమే. తప్పక చూపించాల్సివస్తే గోప్యతా ఒప్పందం మీద సంతకం తీసుకుని చూపించండి. కాగితం మీద రాసి తమ చిరునామాకే రిజిస్టర్డ్ పోస్టు పంపుకుని కవరు విప్పకుండా దాచేవాళ్లున్నారు. దానివల్ల పేటెంట్ హక్కేమీ రాదు. 2013 మార్చి 16 నుంచి అమెరికా కూడా ముందు దరఖాస్తు చేసినవారికే ప్రాధాన్యం ఇచ్చే పద్ధతికి మారింది.

పట్టిక చూశాక ఆశ మిగిలితే ప్రొవిజనల్, అంటే తాత్కాలిక, దరఖాస్తు వేయండి. అమెరికా, భారత్, ఆస్ట్రేలియా వంటి చోట్ల ఈ సదుపాయం ఉంది. దీన్ని పరీక్షించరు, ఇది పేటెంట్‌గా మారదు. చేసేదల్లా మీ తేదీని ఖాయం చేయడం. 12 నెలల్లోపు పూర్తి దరఖాస్తు వేస్తే ఆ తేదీ దానికి సంక్రమిస్తుంది. ఇందులో ఘోరమైన ఉచ్చు ఒకటుంది. ఏది రాశారో దానికే ఆ తేదీ. ఒక పేజీ, రెండు ఫోటోలు పెట్టి 'వేసేశాం' అనుకుంటే, ఏడాది తర్వాత పూర్తి దరఖాస్తులో రాసే సగం విషయాలకు పాత తేదీ వర్తించదు. ఈలోగా మీరు పెట్టిన వీడియోనే మీకు అడ్డొస్తుంది. కాబట్టి భాగాలన్నిటికీ నంబర్లు వేసిన గీత బొమ్మలు పెట్టండి, విప్పిన స్థితిలో ఒకటి, బిగించిన స్థితిలో ఒకటి. ప్రతి అంగానికీ బదులు ఏమేం వాడవచ్చో రాయండి: పళ్ల చక్రాలకు బదులు లింకు పట్టీ, తాడు, పళ్ల పట్టీ, స్ప్రింగుకు బదులు అయస్కాంతం, రబ్బరు. పనిచేసే కొలతల శ్రేణి, పదార్థాలు, పైపు జారితే ఎందుకు జారుతుందో, దాన్ని ఏ భాగం ఆపుతుందో, ఇంకొకరు చదివి తయారుచేయగలిగేంత వివరంగా ఉండాలి. 'తప్పనిసరిగా', 'మాత్రమే' అన్న మాటలు రాయకండి. తర్వాత అవి మీ కాళ్లకే అడ్డం పడతాయి. ఇది సొంతంగా రాసుకోవచ్చు. పూర్తి దరఖాస్తులోని క్లెయిమ్‌లు మాత్రం సొంతంగా రాసుకోవడం నేను ఎవరికీ సిఫారసు చేయను. డబ్బు ఒక్కచోటే పెట్టగలిగితే అక్కడే పెట్టండి.

వేసే ముందు రెండు విషయాలు చూసుకోండి. ఉద్యోగ ఒప్పందంలో 'ఉద్యోగ కాలంలో చేసిన ఆవిష్కరణలన్నీ సంస్థవే' అన్న షరతు ఉందేమో చదవండి. సెలవు రోజున ఇంట్లో చేసినా, పని మీ ఉద్యోగ రంగానికి చెందినదైతే చిక్కు వస్తుంది. ఆ అసమ కేంద్రం ఆలోచన స్నేహితుడిదైతే అతని పేరు ఆవిష్కర్తగా ఉండాల్సిందే. అప్పుడు ముందే రాతపూర్వక ఒప్పందం చేసుకోండి. అమెరికాలో ఉమ్మడి యజమాని ఎవరైనా మిగతావారిని అడగకుండానే లైసెన్స్ ఇచ్చుకోవచ్చు, భారత్‌లో మిగతావారి సమ్మతి కావాలి. ఈ తేడా తెలియక స్నేహాలు చెడతాయి.

ఇక ఆ 12 నెలలు. ఇదే మీరు కొనుక్కున్నది, వృథా చేయకండి. మొదటి మూడు నెలల్లో ముక్కూమొహం తెలియనివాళ్లకు 20, 30 బిగింపులు డబ్బుకు అమ్మండి. స్నేహితుల మెచ్చుకోలు లెక్కలోకి రాదు, జేబులోంచి తీసిన డబ్బే లెక్క. ఈ దశలో 'పేటెంట్ దరఖాస్తు పెండింగ్‌లో ఉంది' అని వస్తువు మీద రాసుకోవచ్చు. దరఖాస్తు వేయకుండా అలా రాస్తే చాలా దేశాల్లో నేరం. ఆ తర్వాత కంపెనీలకు రాయండి. చాలా కంపెనీలు బయటివారి ఆలోచనలకు గోప్యతా ఒప్పందం మీద సంతకం చేయవు. ప్రొవిజనల్ ఉన్నందువల్లే మీరు ధైర్యంగా చూపించగలుగుతారు. ఒక పేజీ వివరణ, నిమిషం వీడియో, ఎన్ని అమ్ముడయ్యాయో, తయారీకి ఎంతవుతుందో పంపండి.

ఈ దశలోనే 'మీ ఆవిష్కరణను మేం కంపెనీలకు చేరుస్తాం' అనే సంస్థలు తారసపడతాయి. ముందు డబ్బు అడిగే ఎవరినైనా ఒకే ప్రశ్న వేయండి: మీకు కట్టినదానికంటే మీ ద్వారా ఎక్కువ సంపాదించిన ఖాతాదారులు ఎంతమంది? అమెరికాలో 1999 చట్టం ప్రకారం ఇలాంటి సంస్థలు ఒప్పందానికి ముందే ఈ సంఖ్యను రాతపూర్వకంగా చెప్పాలి. ఎక్కడైనా సరే, జవాబు రాసివ్వకపోతే లేచి వచ్చేయండి.

విదేశాల సంగతి. ప్రపంచ పేటెంట్ అనేది లేదు. పీసీటీ అనే అంతర్జాతీయ దరఖాస్తు 150కి పైగా దేశాలకు వర్తిస్తుంది కానీ అది పేటెంట్ కాదు, మొదటి తేదీ నుంచి 30 నెలల దాకా గడువు మాత్రమే. కొన్ని దేశాల్లో 31. గడువు ముగిశాక ఎంచుకున్న ప్రతి దేశంలో అనువాదం, స్థానిక ఏజెంటు, పరీక్ష, ఏటి రుసుము విడివిడిగా పడతాయి. లైసెన్స్ తీసుకునేవాడు ఆ ఖర్చు భరిస్తానంటే తప్ప ఒక్క మనిషి ఈ దారి పట్టకూడదన్నది నా గట్టి అభిప్రాయం. భారత్‌లో నివసించేవారు ముందు విదేశంలో వేయాలనుకుంటే అనుమతి తీసుకోవాలి, లేదా ఇక్కడ వేసి ఆరు వారాలు ఆగాలి.

పేటెంట్ కంటే చవకైన దారులున్నాయి. జర్మనీ, చైనా, జపాన్‌లలో యుటిలిటీ మోడల్ పేరుతో లోతైన పరీక్ష లేకుండా పదేళ్ల రక్షణ దొరుకుతుంది. భారత్‌లో, అమెరికాలో ఇది లేదు. డిజైన్ రిజిస్ట్రేషన్ ఆకారానికి రక్షణ ఇస్తుంది, పని చేసే విధానానికి కాదు. మీ బిగింపు రూపమే కొనిపించేదైతే ఇది చాలు. పేరు నిలబడుతుందనుకుంటే ట్రేడ్‌మార్క్. ఆన్‌లైన్ దుకాణాల్లో మీ పేరు వాడి అమ్మే నకిలీని తీయించడానికి ఎక్కువ ఉపయోగపడేది ఇదే. రహస్యంగా ఉంచడం మిశ్రమాలకు, వేడి చేసే పద్ధతులకు పనికొస్తుంది. నాలుగు మరలు విప్పితే లోపలంతా కనిపించే బిగింపుకు కాదు.

పదో నెలలో కూర్చుని తేల్చండి. లైసెన్స్ చర్చలు నిజంగా సాగుతుంటే, లేదా పెట్టిన ప్రతి విడతా అమ్ముడైపోతుంటే, ఏజెంటు దగ్గరికి వెళ్లండి. పన్నెండో నెల చివరి వారందాకా ఆగితే క్లెయిమ్‌లు హడావుడిగా తయారవుతాయి. రెండూ లేకపోతే వదిలేయండి. కానీ ఊరికే వదిలేయకండి. గడువు తీరిన ప్రొవిజనల్ మామూలుగా ఎక్కడా ప్రచురణ కాదు, కాబట్టి అది ఎవరికీ అడ్డు కాదు. మీ బిగింపును చూసినవాడు దాని మీద చిన్న మెరుగు చేసి తాను పేటెంట్ తీసుకుంటే, ఆ మెరుగు చేసిన రూపంలో అమ్మకుండా మిమ్మల్నే ఆపగలడు. అది జరగకుండా, రాసుకున్న వివరణంతా, ఆ ప్రత్యామ్నాయాల జాబితాతో, బొమ్మలతో సహా, తేదీ ముద్ర పడే బహిరంగ చోట ప్రచురించండి. జెనోడో వంటి ఆన్‌లైన్ భాండాగారం ఉచితంగా శాశ్వత గుర్తింపు సంఖ్య ఇస్తుంది. పేజీ నకలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కూడా భద్రపరచండి. శీర్షికలో 'బిగింపు', 'క్యామ్', 'డ్రిల్ జిగ్' వంటి మామూలు మాటలే వాడండి, ఇంగ్లిషులోనూ ఒక ప్రతి ఉంచండి. రేపు దాన్ని వెతకాల్సిన ఎగ్జామినర్ వాడేది ఆ మాటలే.